విశాఖ కొండ కింద ముడిచమురు ఉంది సరే, తుపాను రోజున ఊరికి డీజిల్ ఎక్కడిది?

కంచరపాలెం వాసి
సోమవారం, ఉదయం 7:10

పశ్చిమాసియాలో ఎప్పుడు ఉద్రిక్తత పెరిగినా "దేశంలో అత్యవసర చమురు నిల్వలు ఉన్నాయి, ఆందోళన అక్కర్లేదు" అన్న మాట వినిపిస్తుంది. ఆ నిల్వల్లో ఒకటి మన ఊళ్లోనే ఉంది. డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు, లోవ గార్డెన్స్ దగ్గర రాతిని తొలిచిన గుహల్లో 13.3 లక్షల టన్నుల ముడిచమురు పడుతుంది. 2015లో మొదలైంది, ఈ తరహా కేంద్రాల్లో దేశంలో ఇదే మొదటిది. ఆ తరువాత మంగళూరులో 15 లక్షల టన్నులు, ఉడుపి దగ్గర పాదూరులో 25 లక్షల టన్నులు వచ్చాయి. మూడూ కలిపి 53.3 లక్షల టన్నులు. నిండుగా ఉంటే తొమ్మిదిన్నర రోజుల అవసరానికి సరిపోతుందని కేంద్రం చెబుతూ వచ్చింది. చమురు సంస్థల దగ్గర మరో 64.5 రోజుల సరుకు పట్టే వీలుంది కనుక మొత్తం 74 రోజులు అంటారు.

ఇది దేశం లెక్క. నాకు కావలసింది ఊరి లెక్క. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక ఆ వారం ఎలా గడిచిందో ఇక్కడ చాలామందికి గుర్తుండే ఉంటుంది. పోర్టు ఇక్కడే, రిఫైనరీ ఇక్కడే. అయినా బంకుల ముందు డబ్బాలు పట్టుకుని గంటల తరబడి నిలబడ్డాం. కొన్ని బంకుల్లో సరుకు ఉండి కూడా కరెంటు లేక పంపు తిరగలేదు. డీజిల్ అందక సెల్ టవర్లు మూగబోయాయి. ఇంట్లో వాళ్లు బతికి ఉన్నారో లేదో తెలియక దూర దేశాల్లో ఉన్న పిల్లలు అల్లాడిపోయారు.

ఇప్పుడు గుహలు ఉన్నాయి. రేపు మళ్లీ అలాంటి తుపాను వస్తే వాటిలోని చుక్కయినా మనకు అక్కరకు వస్తుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

భూగర్భ ఇంజనీరు
సోమవారం, ఉదయం 9:25

నేరుగా అక్కరకు రాదండి. గుహల్లో ఉండేది ముడిచమురు. దాన్ని శుద్ధి చేస్తే గానీ పెట్రోలు, డీజిల్ రావు. తుపానులో రిఫైనరీ ఆగిపోతే గుహ నిండుగా ఉన్నా అంబులెన్సు కదలదు. పైగా అందులో సుమారు 3 లక్షల టన్నుల చోటు ఇక్కడి రిఫైనరీని నడిపే హెచ్‌పీసీఎల్‌ది, మిగిలినది కేంద్రం చేతిలో ఉన్న వ్యూహాత్మక నిల్వది. ఎప్పుడు తీయాలో, ఎవరికి ఇవ్వాలో నిర్ణయించేది ఢిల్లీ. ఆ పనికే 2004లో ఇండియన్ స్ట్రాటజిక్ పెట్రోలియం రిజర్వ్స్ లిమిటెడ్ అనే సంస్థను పెట్టారు.

గుహలంటే చాలామందికి భయం కూడా ఉంది కనుక అవి ఎలా పనిచేస్తాయో చెబుతాను. లోపల ఉక్కు పూత గానీ కాంక్రీటు తొడుగు గానీ చమురును ఆపదు. ఆపేది నీరు. గుహ కప్పుకు పైన చిన్న సొరంగాలు తవ్వి, వాటిలోంచి వరుసగా బోర్లు వేసి, రాతి పగుళ్లన్నిటినీ ఎప్పుడూ నీటితో నింపి ఉంచుతారు. దీన్ని నీటి తెర అంటారు. చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి లోపలి చమురు ఒత్తిడి కన్నా ఎక్కువగా ఉంటుంది. అందుకని నీరే లోపలికి ఊరుతుంది తప్ప చమురు బయటికి రాదు. ఊరిన నీరు బరువు కనుక అడుగుకు చేరుతుంది, దాన్ని తోడి శుభ్రం చేస్తారు. పైన ఎండకు, పిడుగుకు, గాలికి ఎదురుగా నిలబడ్డ ట్యాంకుల కన్నా ఇది చాలా భద్రం. చూడవలసింది ఒక్కటే, ఆ చుట్టుపక్కల భూగర్భజలం మట్టం పడిపోకూడదు. కొండ మీద చెట్లు కొట్టడం, ఇష్టం వచ్చినట్టు బోర్లు వేయడం గురించి మనం అడగవలసింది ఇందుకే.

ఎంవీపీ వంటిల్లు
సోమవారం, మధ్యాహ్నం 1:40

వంట గ్యాసుకు కూడా ఇక్కడ గుహ ఉందని విన్నాను. అదీ ఇదీ ఒకటేనా? హుద్‌హుద్ తరువాత మా వీధిలో సిలిండరు కోసం పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. కరెంటు లేదు, కాబట్టి ఇండక్షన్ పొయ్యి పనికిరాదు. కిరోసిన్ స్టవ్ అప్పటికి చాలా ఇళ్లలో ఉండేది, ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది?

భూగర్భ ఇంజనీరు
సోమవారం, మధ్యాహ్నం 2:30

అది వేరేనమ్మా. గ్యాసు గుహ 2007 నుంచి ఉంది, 60,000 టన్నులు పడుతుంది. హెచ్‌పీసీఎల్, ఫ్రాన్సుకు చెందిన టోటల్ కలిసి కట్టినది. గ్యాసును ద్రవంగా పట్టి ఉంచాలంటే పైన నీటి బరువు ఇంకా ఎక్కువ కావాలి. అందుకే సముద్ర మట్టానికి 160 మీటర్లకు పైగా దిగువన తవ్వారు. కానీ అది వ్యాపారానికి వాడే గిడ్డంగి. ఓడ నుంచి వచ్చిన గ్యాసు అక్కడ దిగి, అక్కడి నుంచి ఊళ్లకు వెళ్తుంది. అత్యవసరానికని పక్కన పెట్టిన సరుకు కాదు.

ఒక చిన్న లెక్క వేయండి. దేశం ఏడాదికి వాడే వంట గ్యాసు 3 కోట్ల టన్నుల పైమాటే. అంటే రోజుకు 80,000 టన్నులు దాటుతుంది. గుహ మొత్తం నిండి ఉన్నా దేశానికి ఒక్క రోజు గడవదు. వాడే గ్యాసులో సగానికి పైగా దిగుమతే, అందులో అత్యధిక భాగం హోర్ముజ్ జలసంధి దాటి రావలసిందే. ముడిచమురు నిల్వల గురించి ఇంత మాట్లాడుతున్నాం గానీ, పేదింటికి ముందు తగిలే దెబ్బ గ్యాసుదే.

యారాడ గాలి
సోమవారం, సాయంత్రం 6:05

ఇవన్నీ చదివాక నాకు కోపం వస్తోంది. దేశం రోజుకు 50 లక్షల బ్యారెళ్ల పైన వాడుతోంది. మన విశాఖ గుహ నిండా ఉంటే 97 లక్షల బ్యారెళ్ల చిల్లర. అంటే రెండు రోజుల సరుకు. తొమ్మిదిన్నర రోజులు అన్న లెక్క కూడా 2019-20 నాటి వాడకం మీద వేసింది. అప్పటి నుంచి వాడకం పెరిగింది, గుహలు పెరగలేదు. ఒడిశాలోని చండీఖోల్‌లో 40 లక్షల టన్నులు, పాదూరులో మరో 25 లక్షల టన్నులు కడతామని 2021లో ఆమోదం ఇచ్చారు. అంతర్జాతీయ ఇంధన సంస్థ సభ్య దేశాలు 90 రోజుల నికర దిగుమతులకు సమానమైన నిల్వ ఉంచి తీరాలన్నది 1974 నుంచి ఉన్న నియమం. మనం 2017 నుంచి ఆ సంస్థకు అనుబంధ సభ్యులం మాత్రమే కనుక ఆ నియమం మనకు వర్తించదు. వర్తించకపోయినా ఆ స్థాయికి చేరాలి కదా.

ఇంకొకటి. 2021 నవంబరులో అమెరికాతో కలిసి మన ప్రభుత్వం 50 లక్షల బ్యారెళ్లు విడుదల చేస్తామని ప్రకటించింది. యుద్ధమా? తుపానా? ఏదీ కాదు, ధర పెరిగిందని. ధర తగ్గించడానికి నిల్వను తీయడం మొదలుపెడితే నిజమైన ఆపద వచ్చిన రోజు ఏమి మిగులుతుంది?

పెదవాల్తేరు లెక్చరర్
సోమవారం, రాత్రి 9:15

యారాడ గాలి గారూ, మీ ఆవేదనతో ఏకీభవిస్తాను. అయితే అదే నిల్వను 2020 ఏప్రిల్, మే నెలల్లో నింపిన తీరు కూడా చెప్పుకోవాలి. కరోనా దెబ్బకు ప్రపంచ ధరలు కుప్పకూలినప్పుడు బ్యారెల్ సగటున 19 డాలర్లకు కొని మూడు చోట్లా నింపారు. అదే ఏడాది జనవరిలో ధర 60 డాలర్లు. సుమారు 5,000 కోట్ల రూపాయలు మిగిలిందని ప్రభుత్వం ప్రకటించింది. అది మంచి పని, ఒప్పుకుందాం.

అమెరికా అనుభవం మనకు రెండు విధాలుగా పనికొస్తుంది. 1973 నాటి అరబ్బు దేశాల ఆంక్షల తరువాత వాళ్లు 1975లో చేసిన చట్టం పేరులోనే ఇంధన విధానం, పొదుపు రెండూ ఉన్నాయి. టెక్సాస్, లూసియానాల ఉప్పు గుహల్లో చమురు నింపాలన్నదీ, కార్లు గ్యాలనుకు ఇన్ని మైళ్లు నడవాలన్నదీ ఒకే చట్టం. నిల్వ, పొదుపు ఒకదానికొకటి జత అని మొదట్లోనే గుర్తించారు. 1979లో మళ్లీ కొరత వచ్చినప్పుడు కార్యాలయ భవనాల్లో చలువ యంత్రాన్ని 78 ఫారన్‌హీట్ డిగ్రీల కిందికి, అంటే మన లెక్కలో సుమారు 25.5 డిగ్రీల కిందికి తిప్పకూడదని ఉత్తర్వు ఇచ్చారు. 1981లో ప్రభుత్వం మారగానే దాన్ని ఎత్తేశారు. ధర దిగితే పొదుపు మాట ఎవరికీ పట్టదు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం వచ్చాక 18 కోట్ల బ్యారెళ్లు తీసి అమ్మారు, నిల్వ 1983 తరువాత ఎన్నడూ లేనంత కిందికి దిగింది. తిరిగి నింపడం తీసినంత వేగంగా జరగలేదు.

రెండోది కంచరపాలెం వాసి గారి ప్రశ్నకు దగ్గరది. 2012లో శాండీ తుపాను న్యూయార్క్ ప్రాంతాన్ని తాకినప్పుడు జరిగింది అచ్చం మన కథే. బంకుల్లో పెట్రోలు ఉంది, కరెంటు లేదు. రోజులు గడిచాక నగరంలో సరి, బేసి నంబర్ల పద్ధతిలో పెట్రోలు పోయవలసి వచ్చింది. దేశం దగ్గర కోట్ల బ్యారెళ్ల ముడిచమురు ఉంది, ఆ ఊరికి ఒరిగిందేమీ లేదు. ఆ తరువాత వాళ్లు రెండు పనులు చేశారు. ప్రధాన రహదారుల దగ్గరి బంకుల్లో జనరేటరు తగిలించడానికి వీలుగా వైరింగు ఉండాలని న్యూయార్క్ రాష్ట్రం నియమం పెట్టింది. 2014లో కేంద్ర ప్రభుత్వం ఆ ప్రాంతం కోసమే 10 లక్షల బ్యారెళ్ల పెట్రోలును, ముడిచమురు కాదు, తయారైన పెట్రోలును, విడిగా నిల్వ పెట్టింది. పదేళ్లకు, 2024లో, ఖర్చు ఎక్కువని దాన్ని అమ్మేశారు. బంకుల వైరింగు నియమాన్ని మాత్రం మనం వెంటనే తెచ్చుకోవచ్చు.

భూగర్భ ఇంజనీరు
మంగళవారం, ఉదయం 8:00

లెక్చరర్ గారు చెప్పిన విడి పెట్రోలు నిల్వలో సాంకేతికమైన ఇబ్బంది ఉంది. ముడిచమురు గుహలో ఏళ్ల తరబడి ఉన్నా చెడదు. పెట్రోలు అలా కాదు, నెలల్లోనే గుణం తగ్గుతుంది. ఇప్పుడు ఇథనాల్ కలుస్తోంది, తేమ తగిలితే ఇంకా పాడవుతుంది. కనుక విడిగా పెట్టి మరిచిపోయే నిల్వ కుదరదు. డిపోల్లో రోజూ వచ్చిపోయే సరుకులోనే "ఈ గీత కిందికి దిగకూడదు" అని అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఒక కనీస మట్టం పెట్టడం మేలు. పాత సరుకు వెళ్తూ కొత్తది వస్తూ ఉంటుంది కాబట్టి చెడిపోదు, కొత్త ట్యాంకులు కట్టనక్కర్లేదు.

ఎంవీపీ వంటిల్లు
మంగళవారం, ఉదయం 11:20

పొదుపు గురించి ఎవరూ మాట్లాడరేమిటి? హుద్‌హుద్ తరువాత ఊళ్లో వీధి దీపాలన్నీ ఎల్ఈడీలు అయ్యాయి. తొంభై వేలకు పైగా దీపాలు కొద్ది నెలల్లో మార్చారు. 2015లో ఉజాలా పథకం వచ్చి ఇంటింటికీ బల్బులు చేరాయి. ఏసీకి, ఫ్రిజ్‌కు నక్షత్రాలు చూసి కొనడం మా పిల్లలకు కూడా అలవాటైంది. 2020 నుంచి కొత్త ఏసీలు 24 డిగ్రీల దగ్గరే మొదలవుతున్నాయి. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం కరెంటు మిగులుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతోంది. ఇది ఆ నిల్వకు తోడు కాదా?

లారీ లెక్క
మంగళవారం, మధ్యాహ్నం 12:45

అమ్మా, మంచి పనే గానీ అది చమురు పొదుపు కాదు. మన కరెంటు ఎక్కువగా పరవాడ సింహాద్రి కేంద్రం లాంటి చోట్ల బొగ్గుతో తయారయ్యేది. బల్బు మారిస్తే బొగ్గు మిగులుతుంది. చమురు కాలేది రోడ్డు మీద. దేశంలో అమ్ముడయ్యే పెట్రోలియం ఉత్పత్తుల్లో అన్నిటికన్నా పెద్ద వాటా డీజిల్‌ది, అది మా లారీల్లో, బస్సుల్లో, ట్రాక్టర్లలో పోతుంది.

పొదుపు ఎక్కడ జరగాలో చూడాలంటే ఒక రాత్రి పోర్టు వైపు వెళ్లే రోడ్డు మీద నిలబడండి. బండి వెనక బండి, కిలోమీటర్ల వరుస. ఇంజను ఆపితే ముందు బండి కదిలినప్పుడల్లా మళ్లీ తిప్పాలి, బ్యాటరీ దిగిపోతుంది. అందుకని డ్రైవరు ఇంజను ఆపడు. నిలబడ్డ బండి గంటకు లీటరు, లీటరున్నర తాగుతుంది. లోపల క్యాబిన్‌లో వేడికి డ్రైవరు, క్లీనరు చొక్కాలు విప్పి గుడ్డతో విసురుకుంటూ ఉంటారు, కునుకు పడితే వెనకవాడు హారన్ కొడతాడు. గేటు దగ్గర కాగితం ఒకటి తక్కువైందని ఒక బండిని పక్కకు పెట్టడానికి అరగంట పడితే, వెనక వంద బండ్లు ఆ అరగంటా కాలుతూనే ఉంటాయి. డ్రైవర్లకు "నిదానంగా నడపండి, 45 నుంచి 55 కిలోమీటర్ల వేగం మేలు" అని కరపత్రాలు ఇస్తారు. ఆ మాట నిజమే. కానీ వరుసలో నిలబడ్డవాడికి వేగం ఎక్కడిది? సమయం చెప్పి బండిని పిలిచే పద్ధతి, ఇంజను ఆపి నిలబెట్టుకునే స్థలం, తాగడానికి నీళ్లు, ఒక మరుగుదొడ్డి. ఇవి ఇస్తే మిగిలే డీజిల్ ఏ ప్రచార వారోత్సవంతోనూ మిగలదు.

పెదవాల్తేరు లెక్చరర్
మంగళవారం, మధ్యాహ్నం 3:30

లారీ లెక్క గారి మాట ఈ చర్చలో అన్నిటికన్నా విలువైనది. పెట్రోలియం పొదుపు పరిశోధన సంఘం 1978 నుంచి పనిచేస్తోంది. ఇంధన పొదుపు చట్టం 2001లో వచ్చింది, ఇంధన సామర్థ్య బ్యూరో 2002లో మొదలైంది. సంస్థలు లేక కాదు. అవి ఎక్కువగా మనిషికి సలహా చెబుతాయి, వ్యవస్థను మార్చే అధికారం వాటి చేతిలో తక్కువ.

ఒక్క విషయం మాత్రం చేర్చాలి. వాడకం పది శాతం తగ్గితే అదే 74 రోజుల నిల్వ 82 రోజులకు వస్తుంది. కొత్త గుహ తవ్వకుండా ఎనిమిది రోజులు కలిశాయి. మొత్తం మూడు గుహల బలం కన్నా ఇది కొంచెమే తక్కువ. గుహలకు వేల కోట్లు ఇవ్వగలిగిన ప్రభుత్వం లారీలు ఆగడానికి స్థలం ఇవ్వలేదా? 2022 మార్చిలో అంతర్జాతీయ ఇంధన సంస్థ పది సూచనలు విడుదల చేసింది. వేగ పరిమితిని గంటకు 10 కిలోమీటర్లు తగ్గించడం, వీలైనవాళ్లు వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పనిచేయడం, ఆదివారాలు నగరాల్లో కార్లు ఆపడం, బస్సు చార్జీలు తగ్గించడం లాంటివి. బీచ్ రోడ్డులో ఉదయం పూట బండ్లు ఆపి జనం నడవడం మనకు అలవాటే. రుషికొండ ఐటీ కార్యాలయాలకు రోజూ వెళ్లే వేల బండ్లలో సగం తగ్గించడానికి యుద్ధం రావాలా?

గంగమ్మ పడవ
మంగళవారం, రాత్రి 8:50

నమస్కారం అందరికీ. ఫిషింగ్ హార్బర్ నుంచి రాస్తున్నాను. మరపడవకు ఖర్చులో పెద్దది డీజిలే. రాష్ట్రం లీటరుకు 9 రూపాయలు రాయితీ ఇస్తుంది, నెలకు 3,000 లీటర్ల వరకు. వేట బాగా సాగిన నెలలో అది చాలదు.

పొదుపు మాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. అప్పుడు పడవను ఒడ్డుకు లాగి అడుగు చూస్తాం. నీళ్లలో మునిగి ఉండే చెక్క మీద గుల్లలు గుత్తులు గుత్తులుగా పట్టి ఉంటాయి, చేయి పెడితే కోసుకుపోతుంది. అవి గీకి, రంగు వేసి, పంకా రెక్కల అంచులు సాపు చేయించి దింపితే అదే ఇంజనుకు పడవ తేలిగ్గా పోతుంది. గీకకుండా దింపినవాడు తాగుడు ఎక్కువైందని ఇంజనును తిడతాడు. ఆ రంగుకూ, మరమ్మతుకూ రుణం ఇస్తే డీజిల్ రాయితీ మీద భారమే తగ్గుతుంది. దీన్ని ఎవరైనా పై వాళ్లకు చెప్పాలి.

కొరత వస్తే ఎవరికి ముందు ఇస్తారు అన్నది మాత్రం నాకు దిగులు. కార్లకు వరుస ఉంటుంది, పడవకు ఉంటుందా? ఐస్ ఆగితే చేప ఆగుతుంది, మా ఆడవాళ్ల బుట్ట ఆగుతుంది.

యారాడ గాలి
బుధవారం, ఉదయం 7:30

గంగమ్మ పడవ గారి ప్రశ్నకు చట్టంలో సగం జవాబు ఉంది. 1955 నాటి నిత్యావసర వస్తువుల చట్టం కింద పెట్రోలియం కూడా వస్తుంది. కొరత వచ్చినప్పుడు పంపిణీని అదుపు చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది. మిగతా సగం, అంటే ఎవరికి ముందు, ఎవరికి తరువాత అన్నది ఆపద వచ్చిన రోజు తోచినట్టు నిర్ణయిస్తే బలమున్నవాడికి దొరుకుతుంది. ఆ వరుస ముందే రాసి బోర్డు మీద పెట్టాలి. అప్పుడే పోలీసుకూ ధైర్యం, బంకు కుర్రాడికీ ధైర్యం.

కంచరపాలెం వాసి
బుధవారం, సాయంత్రం 5:20

అందరికీ కృతజ్ఞతలు. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఒక అర్జీ ఇద్దామనుకుంటున్నాను. గుహలు కేంద్రానివి, వాటి జోలికి పోను. అడిగేది ఇది:

"తుపాను నెలల్లో నగర అవసరానికి డిపోల్లో కనీస మట్టంలో డీజిల్, పెట్రోలు, వంట గ్యాసు ఉండేలా చమురు సంస్థలతో మాట్లాడవలసిందిగా కోరుతున్నాము. ప్రతి మండలంలో కనీసం రెండు బంకులకు జనరేటరు సౌకర్యం ఉండేలా చూసి, వాటి పేర్లు ముందే ప్రకటించాలి. ఆసుపత్రులు, మేఘాద్రిగెడ్డ, రైవాడ నుంచి వచ్చే తాగునీటి పంపులు, సెల్ టవర్లు, సహాయక వాహనాలు, వీటికి ఇంధనం ఏ వరుసలో అందుతుందో ప్రజలకు తెలపాలి. పోర్టు దారిలో లారీలు ఇంజను ఆపి వేచి ఉండే స్థలం, సమయం కేటాయించే పద్ధతి ఏర్పాటు చేయాలి."

ఇంకేమైనా చేర్చాలా?

గంగమ్మ పడవ
బుధవారం, సాయంత్రం 6:10

ఆ వరుసలో ఐస్ ఫ్యాక్టరీలు, తుపాను హెచ్చరిక విని తిరిగి వచ్చే పడవలు కూడా రాయండి. హెచ్చరిక వచ్చేసరికి కొన్ని పడవలు చాలా దూరంలో ఉంటాయి. దారిలో కాకినాడకో భీమిలికో చేరినవాడికి అక్కడ డీజిల్ పోయాలి, "మీ పడవ ఇక్కడిది కాదు" అనకూడదు. అర్జీకి మా సంఘం వాళ్లు పది మంది వస్తారు.

ఎంవీపీ వంటిల్లు
బుధవారం, సాయంత్రం 6:45

గ్యాసు మాట అర్జీలో ఒక్క పదంగానే ఉంది. డీజిల్‌కు రాసినట్టే సిలిండర్లకూ వరుస రాయండి. అంగన్‌వాడీలు, పునరావాస కేంద్రాల వంటశాలలు ముందు, ఒక్కటే సిలిండరు ఉన్న ఇళ్లు ఆ తరువాత, రెండు ఉన్న మాలాంటి ఇళ్లు చివర. మా అపార్టుమెంటు వాళ్లతో సంతకాలు చేయిస్తాను.

కంచరపాలెం వాసి
బుధవారం, రాత్రి 9:00

రెండూ చేర్చాను. లారీ లెక్క గారూ, పోర్టు దారిలో లారీలు ఎక్కువగా ఆగే చోట్ల పేర్లు రేపటిలోగా ఇవ్వగలరా? అవి ఉంటే అర్జీకి బలం. సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు కలెక్టరేట్ గేటు దగ్గర కలుద్దాం.

లారీ లెక్క
బుధవారం, రాత్రి 10:35

ఇస్తాను. రాత్రి పూట ఒక్కో చోట ఎన్ని బండ్లు ఆగుతున్నాయో కూడా మా డ్రైవర్లతో రాయించి తెస్తాను.